పాత ఫైటర్ జెట్లు ఇంకా యుద్ధానికి పనికొస్తాయా? మిగ్-21 పోయాక తెగని వాదన

పానగల్లు:
మొన్న ఆదివారం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతూ మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను. మన వాయుసేన మిగ్-21 ఫైటర్‌ని 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సాగనంపారు కదా. 1963లో అక్కడే మొదలైన సర్వీసు, మొత్తం 62 ఏళ్లు. "ఇన్నాళ్లు ఉంచడమే పెద్ద తప్పు" అన్నాడు మా స్నేహితుడు. నేను ఒప్పుకోలేదు.

విమానం ఏ ఏడాదిది అని అడగడం కంటే దాని రెక్క కింద ఏం వేలాడుతోంది అని అడగాలి. ఉక్రెయిన్ దగ్గరున్న సుఖోయ్-24లు సోవియట్ కాలం నాటివి. వాటికి బ్రిటన్ ఇచ్చిన, దూరం నుంచి వదిలే స్టార్మ్ షాడో మిసైళ్లు తగిలించారు. 2023 సెప్టెంబర్‌లో ఆ మిసైళ్లతోనే క్రిమియాలోని సెవాస్తోపోల్ రేవులో రష్యా జలాంతర్గామిని కొట్టారు, తొమ్మిది రోజుల తర్వాత నల్ల సముద్ర నౌకాదళం హెడ్‌క్వార్టర్స్‌నే కొట్టారు. 2022లో రాడార్లను వేటాడే అమెరికా హార్మ్ మిసైల్‌ని రష్యన్ మిగ్-29కి తగిలించారు. ఆ రెండూ ఒకదానికొకటి పుట్టుకతో శత్రువులు, అయినా పని చేయించారు. అమెరికా సంగతే తీసుకోండి, ఆఖరి బీ-52 బాంబర్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది 1962లో. కొత్త ఇంజిన్లు వేసి 2050ల దాకా నడుపుతామంటున్నారు.

మన వాయుసేనకు 42 స్క్వాడ్రన్లు, అంటే ఫైటర్ల దళాలు, ఉండాలి. మిగ్-21 పోయాక 29 మిగిలాయి. మన సొంత ఫైటర్ తేజస్ మార్క్-1ఏ కోసం 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఆర్డర్ ఇచ్చారు, అమెరికా నుంచి ఇంజిన్లు ఆలస్యమై 2024లో రావాల్సినవి రాలేదు. చేతిలో ఉన్నదాన్ని తీసేసి ఖాళీ చేతులతో నిలబడటం తెలివైన పనేనా? మీరేమంటారు?

పాలమూరు ఫిజిక్స్ టీచర్:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ బీ-52ని ఇందులోకి తేకు. దానికి ఎదురొచ్చే ఫైటర్‌తో పోరాడే పని లేదు, దూరం నుంచి మిసైల్ వదిలి తిరిగొస్తుంది. ఫైటర్‌ని మనం ఎదురెళ్లమని పంపుతాం. ఆ తేడా చిన్నది కాదు.

మహబూబ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు పాఠం చెప్తాను కాబట్టి ఒక్క లెక్క చెప్తా. రాడార్ తరంగం వెళ్లేటప్పుడు పలచబడుతుంది, తగిలి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ పలచబడుతుంది. అందుకని మిగతావన్నీ అలాగే ఉంచి చూపు దూరాన్ని రెట్టింపు చేయాలంటే శక్తి 16 రెట్లు కావాలి. లేదా యాంటెన్నా పెద్దది కావాలి. ఇప్పుడు మిగ్-21 ఫొటో తీసి ముందు నుంచి చూడు. గాలి పీల్చుకునేది ఆ మూతిలోంచే. ఆ నోటి మధ్యలో శంఖంలా ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది, రాడార్ ఆ శంఖంలోనే ఇమడాలి. శంఖం పెంచితే ఇంజిన్‌కి గాలి తగ్గుతుంది. బైసన్ అనే అప్‌గ్రేడ్‌లో మిగ్-21 రాడార్ మార్చారు, మంచిదే పెట్టారు. మూతిని మాత్రం మార్చలేరు కదా. 1950లలో గీసిన గీత అది.

ఇక 1982 జూన్‌లో లెబనాన్‌లోని బెకా లోయ మీద ఏం జరిగిందో చూడు. సిరియా పైలట్లు మిగ్-21, మిగ్-23లతో వచ్చారు. నేల మీద రాడార్ స్టేషన్ నుంచి మాట వింటూ ఎగరడం వాళ్ల పద్ధతి. ఇజ్రాయెల్ ఆ మాటనే జామ్ చేసింది. తన వైపు మాత్రం ఎగిరే రాడార్ విమానం హాక్‌ఐ అంతా చూసి చెప్తోంది. ఇజ్రాయెల్ లెక్క ప్రకారం సిరియా 80కి పైగా విమానాలు పోగొట్టుకుంది, ఇజ్రాయెల్ ఫైటర్ ఒక్కటీ గాలి పోరులో పడలేదు. సిరియా పైలట్లకు ధైర్యం లేక కాదు. వాళ్లకు కనబడలేదు, వినబడలేదు. నలభై ఏళ్లు దాటిన మాట ఇది. ఇప్పుడు వంద కిలోమీటర్ల అవతల నుంచి మిసైల్ వస్తుంటే పరిస్థితి ఇంకెలా ఉంటుంది?

మిర్యాలగూడ మిల్లు:
టీచర్ గారూ, లెక్క కాదనను. మా అనుభవం ఒకటి చెప్తా. మా రైస్ మిల్లు మా నాయన కాలంది. బాయిలర్ పాతది, ఎలివేటర్ పాతది. కొన్నేళ్ల కింద సార్టెక్స్ మెషిన్ ఒక్కటి పెట్టాం. నల్ల గింజ, రంగు తిరిగిన గింజ కెమెరాతో చూసి గాలితో ఊది పక్కకు తోసేస్తుంది. అదే మిల్లు, అదే వడ్లు, బియ్యం రేటు మారిపోయింది. పాత బండికి సరైన చోట సరైన కన్ను పెట్టామంతే.

కార్గిల్‌లో మిరాజ్ చేసింది ఇదే. 1985లో వచ్చిన విమానం అది, 1999కి 14 ఏళ్లు. దానికి లేజర్‌తో గురి చూపే ఇజ్రాయెల్ లైటెనింగ్ పాడ్ తగిలించి, వెయ్యి పౌండ్ల బాంబులకు లేజర్ కిట్లు బిగించి జూన్ 24న టైగర్ హిల్ మీద బంకర్‌ని కొట్టారు. విమానం కొత్తది కొనలేదు, కన్ను కొత్తది కొన్నారు. 2019లో బాలాకోట్‌కి వెళ్లిందీ మిరాజే, అప్పటికి దానికి 34 ఏళ్లు. పాతది అనగానే తీసి పారేసేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. మా దగ్గర డబ్బు ఉన్నవాడు కొత్త మిల్లు కడతాడు, లేనివాడు ఉన్నదాన్ని నిలబెట్టుకుంటాడు. దేశానికైనా అంతే.

పాలమూరు ఫిజిక్స్ టీచర్:
అన్నా, టైగర్ హిల్ మీద మిరాజ్‌కి గాలిలో అడ్డొచ్చినవాళ్లు ఎవరూ లేరు. నేల నుంచి భుజం మీద పెట్టి కొట్టే మిసైళ్ల భయం ఉంది, అవి అందనంత ఎత్తులో ఎగిరారు. ఎదురు లేనప్పుడు పాతది పని చేస్తుంది, దాంట్లో నాకు అభ్యంతరం లేదు. అదే కార్గిల్‌లో మే 27న మన మిగ్-21, మిగ్-27 ఒకే రోజు పోయాయి. మిగ్-27లో ఉన్నది మన తెలుగు కుటుంబం పిల్లాడే, కంభంపాటి నచికేత. ఇంజిన్ ఆగి బయటికి దూకి పట్టుబడ్డాడు. ఆయన్ని వెతుకుతూ వెళ్లిన అజయ్ ఆహుజా మిగ్-21ని మిసైల్ కొట్టింది, ఆయన తిరిగి రాలేదు. ఇక మిల్లు ఆగితే ఒక పూట పోతుంది, మళ్లీ నడుపుకోవచ్చు. ఈ పోలిక నాకు మనసుకు పట్టడం లేదు.

పానగల్లు:
అక్కా, ఎదురున్నప్పుడు కూడా పాతవి కొట్టాయి. 1965 ఏప్రిల్‌లో వియత్నాంలో థాన్ హోవా వంతెన మీదికి అమెరికా ఎఫ్-105లు వచ్చాయి, ధ్వనిని మించి పోయేవి. వాటిని కూల్చింది మిగ్-17, అంతకంటే ముందు తరం విమానం. 1999లో సెర్బియాలో రాడార్‌కి సులువుగా చిక్కని ఎఫ్-117 స్టెల్త్ విమానాన్ని పడగొట్టింది నేల నుంచి కొట్టే 1960ల నాటి ఎస్-125 మిసైల్. మన దగ్గర పెచోరా అంటాం చూడండి, అదే.

పాలమూరు ఫిజిక్స్ టీచర్:
రెండూ నిజమే. రెండు చోట్లా కొట్టినవాళ్లు తమ సొంత నేల మీద పొంచి ఉన్నారు, వచ్చే దారి తెలుసు, వచ్చే వేళ తెలుసు. థాన్ హోవాలో అయితే బాంబులు మోసుకుని బరువుగా ఉన్న విమానాలను పట్టుకున్నారు. నువ్వు చెప్పినవి మాటు వేసి గెలిచిన కథలు, పాత వాటితో దాడికి పోయి గెలిచినవి కావు.

హాలియా మాజీ ఎయిర్‌మన్:
ఇద్దరి మాటలూ చదివాను. నేను 20 ఏళ్లు వాయుసేనలో గ్రౌండ్ క్రూలో చేసి వచ్చాను, అందులో ఏడేళ్లు మిగ్-21 లైన్ మీద, అంటే విమానాలను ఎగరడానికి సిద్ధం చేసే చోట. ఇప్పుడు బత్తాయి తోట చూసుకుంటున్నాను. మీరంతా రాడార్, మిసైల్ గురించి మాట్లాడుతున్నారు. పొద్దున ఆరింటికి ఎన్ని విమానాలు లేస్తాయి అన్నది ఎవరూ అడగలేదు. పాత విమానం గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

మిగ్-21 గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో నేలను తాకుతుంది. బ్రేకులు ఒక్కటే చాలవు. తోక దగ్గర్నుంచి పారాచూట్ విప్పుకుంటుంది, వేగం తగ్గాక దాన్ని వదిలేసి పోతుంది. మేం వెళ్లి దాన్ని ఏరుకురావాలి. గడ్డి, ముళ్లు దులపాలి. తాళ్ల చిక్కు తీయాలి, ఎక్కడైనా చిరిగిందా, కాలిందా అని గుడ్డ మొత్తం చేత్తో తడుముతూ చూడాలి. తర్వాత పొడుగ్గా పరిచి మడతలు వేసి, మోకాలితో నొక్కి సంచిలో నింపి, స్టాండ్ ఎక్కి తోక మొదట్లో ఉన్న గొట్టంలోకి తోయాలి. ఎండాకాలం ఆ తోక మీద చెయ్యి పెట్టలేం, కింద ఇంజిన్ గొట్టం ఇంకా సెగ కొడుతూ ఉంటుంది. మడత తప్పు పడితే పారాచూట్ విచ్చుకోదు, విమానం రన్‌వే దాటిపోతుంది. ఒక్కసారి ఎగిరి దిగితే ఇంత పని, ఇది చిన్న పని కిందే లెక్క.

పాత విమానం మనిషి గంటలు తింటుంది. మొదట్లో లేని తనిఖీలు వయసు పెరిగేకొద్దీ వచ్చి చేరతాయి. రెక్క వేరులో సన్న పగులు ఉందేమో చూడాలి, వైర్ మీద తొడుగు పెళుసెక్కిందేమో చూడాలి. స్పేర్ పార్ట్ దొరకదు. సోవియట్ యూనియన్ విడిపోయాక ఈ కష్టం మరీ ఎక్కువైంది, ఒక దేశం సరుకు పదిహేను దేశాల్లో పడింది. నేను పని చేసిన ఒక చోట పక్క విమానం నుంచి వాల్వ్ విప్పి దీనికి పెట్టి పొద్దుటికి లైన్ మీద నిలబెట్టేవాళ్లం. మర్నాడు ఆ పక్కదానికి ఇంకోదాన్నుంచి. కాగితం మీద 16 విమానాలు. తెల్లారి లేచేవి ఎన్నో మాకు తెలుసు, వాటిని ఎక్కే పైలట్లకూ తెలుసు.

పానగల్లు తమ్మీ, స్క్వాడ్రన్ల సంఖ్య తగ్గిందని నీకు దిగులు. నాకూ ఉంది. ఆ దిగులుతో లెక్క నింపడానికి ముసలి విమానాన్ని పట్టుకు వేలాడితే ఆ లెక్క కాగితం మీదే మిగులుతుంది.

అయితే టీచర్ గారికి కూడా ఒక మాట. మిగ్-21 మూతి చిన్నదన్నారు, సత్యం. ఇప్పుడు విమానం తన కన్నుతోనే చూడాలని లేదు. వెనక నేత్ర లాంటి రాడార్ విమానం చూసి డేటాలింక్‌తో చెప్తుంది, ముందున్నది కొడుతుంది. రష్యా మిగ్-31 చూడండి, మొదట ఎగిరింది 1975లో. దానికి పెద్ద రాడార్ ఉంది, 300 కిలోమీటర్ల దాకా పోయే ఆర్-37 మిసైల్ ఉంది. ఉక్రెయిన్ పైలట్లు నేలకు ఆనుకుని ఎగరాల్సి రావడానికి అదొక కారణం. అది పాత విమానమే. సరిహద్దు దాటదు, ఎత్తున నిలబడి దూరం నుంచి బెదిరిస్తుంది. వయసుకు తగిన పని ఇచ్చారు దానికి.

దేవరకొండ:
పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో వస్తున్నాను, నేను రైతుని. మాకు శిక్షణ విమానాల చప్పుడు కొత్త కాదు. 2018 నవంబర్‌లో యాదాద్రి జిల్లాలో కిరణ్ శిక్షణ విమానం కూలింది, పైలట్ బతికి బయటపడ్డాడు. ఆ రోజు మా చుట్టం అటు పక్క పత్తి ఏరుతోంది, సాయంత్రం ఫోన్లో మాట్లాడుతున్నా గొంతు వణుకుతూనే ఉంది. 2023 మేలో రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్‌లో మిగ్-21 ఇంటి మీద పడి ముగ్గురు ఆడవాళ్లు చనిపోయారు. వాళ్లు యుద్ధంలో లేరు, ఇంట్లో ఉన్నారు.

2012లో రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటులో చెప్పిన లెక్క ఉంది. అప్పటి దాకా వచ్చిన 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాల్లో పోయాయి. 171 మంది పైలట్లు, 39 మంది మామూలు జనం. అన్ని రకాల మిగ్‌లు కలిపి చెప్పిన లెక్క అది. ఉపయోగం ఉందా అని అడుగుతున్నారు కదా, ఈ 39ని ఏ వైపు రాస్తారు? టీవీలో ఇంత వాదన జరుగుతుంది, ఆ సంఖ్య ఒక్కరి నోటా రాదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

గద్వాల:
అన్నా, మీ ప్రశ్నకు జవాబు ఉంది. మనిషిని దించేయాలి. అమెరికా పాత ఎఫ్-16లను పైలట్ లేకుండా ఎగరేసి మిసైల్ పరీక్షలకు గురిగా వాడుతోంది. చైనా 2025 సెప్టెంబర్‌లో చాంగ్‌చున్ ఎయిర్ షోలో పాత ఫైటర్ జే-6ని డ్రోన్‌గా మార్చి చూపించింది. అజర్‌బైజాన్ 2020లో ఇంకా పాత ఏఎన్-2ని, అంటే రెండంతస్తుల రెక్కల విమానాన్ని, ఎరగా పంపింది. ఆర్మేనియా మిసైళ్లు దాన్ని కొట్టగానే అవి ఎక్కడున్నాయో బయటపడింది, వెంటనే డ్రోన్లు వెళ్లి వాటిని కొట్టాయి. మన మిగ్‌లను కూడా ఇలా వాడుకోవచ్చు. శత్రువు ఖరీదైన మిసైల్ ఖాళీ మిగ్ మీద ఖర్చు పెడితే మనకే లాభం.

హాలియా మాజీ ఎయిర్‌మన్:
బాగుంది తమ్మీ, ఎరగా అంటే నాకూ ఇష్టమే. ఒకటి గుర్తు పెట్టుకో. పైలట్‌ని దించినా ఇంజిన్ దిగదు. ఆ ఇంజిన్‌కి ఆయిల్ మార్చాలి, బ్లేడ్లు చూడాలి, ఆ గొట్టాలే, ఆ వాల్వులే. లేవగానే ఆగిపోతే అది మన ఊరి మీదే పడుతుంది, దేవరకొండ అన్న చెప్పింది మళ్లీ జరుగుతుంది. ఒక్కసారి పోయి తిరిగి రానిదైతే సరే, నిలవ చేసి పెట్టి ఆ రోజు వాడుకోవచ్చు. నిలవ చేయడానికీ మనుషులు కావాలి. ఊరికే గడ్డిలో నిలబెట్టిన విమానం ఆరు నెలల్లో పాడవుతుంది, లోపల పక్షులు గూళ్లు కడతాయి, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి.

మిర్యాలగూడ మిల్లు:
టీచర్ గారూ, మిల్లు ఆగితే పూట పోతుందన్నారు, ఆ మాట నాకు తగిలింది. ప్రాణానికీ బియ్యానికీ పోలిక పెట్టడం నా తప్పే. అయినా అప్‌గ్రేడ్ మీద నమ్మకం పోలేదు. మన హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్ ల్యాబ్ రూపొందించి బీడీఎల్ ఫ్యాక్టరీ తయారు చేస్తున్న అస్త్ర మిసైల్ వంద కిలోమీటర్లు దాటి పోతుంది. అది సుఖోయ్-30కి ఎక్కింది. సుఖోయ్-30 మనకు వచ్చి కూడా 20 ఏళ్లు దాటింది, రేపు అదీ పాతదే అవుతుంది. అప్పుడు కూడా ఇదే వాదన చేస్తామా?

పాలమూరు ఫిజిక్స్ టీచర్:
దాని మూతిలో చోటుంది అన్నా, ఇంజిన్‌లో మిగులు కరెంటు ఉంది. పెద్ద రాడార్ పెట్టొచ్చు, చల్లబరచొచ్చు. అప్‌గ్రేడ్‌కి నేను వ్యతిరేకం కాదు. పెరగడానికి చోటు లేని విమానానికి అప్‌గ్రేడ్ పేరుతో ఇంకో పదేళ్లు అంటగట్టడానికి వ్యతిరేకం. ఎఫ్-15 మొదట ఎగిరింది 1972లో, 2021లో కూడా కొత్త రకం ఎఫ్-15ఈఎక్స్ చేసి ఇచ్చారంటే ఆ ఒడ్డూ పొడుగే కారణం. మిగ్-21ది సన్న నడుము. దాని అందం అదే, దాని హద్దూ అదే.

పానగల్లు:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. నేను మొదట రాసినదాంట్లో ఒకటి వెనక్కి తీసుకుంటున్నాను. సెవాస్తోపోల్ ఉదాహరణ నా వాదనకు బలం అనుకున్నాను. మళ్లీ చదివితే, ఆ సుఖోయ్-24లు రష్యా ఫైటర్లకు ఎదురెళ్లలేదు. తమ వైపు నుంచే వదిలి తిరిగొచ్చాయి. టీచరక్క బీ-52 గురించి చెప్పింది దీనికీ వర్తిస్తుంది.

కానీ ఎదుటివాడు ఎవరన్నది కూడా చూడాలి అక్కా. 2025 జూలై 24న థాయ్‌లాండ్ ఎఫ్-16లతో కంబోడియా స్థావరాల మీద బాంబులు వేసింది. థాయ్‌లాండ్‌కి ఎఫ్-16లు మొదట వచ్చింది 1988లో. కంబోడియాకి ఫైటర్లే లేవు. అక్కడ అది తిరుగులేని ఆయుధం. మన ఎదురుగా ఉన్నది చైనా, పాకిస్తాన్. ఒకరి దగ్గర స్టెల్త్ ఫైటర్ జే-20, ఇంకొకరి దగ్గర జే-10సీ ఫైటర్, దానికి దూరం పోయే పీఎల్-15 మిసైల్. కాబట్టి ముందు వరసలో పాతది వద్దు అన్నది ఒప్పుకుంటున్నాను. 29 స్క్వాడ్రన్లు చాలవు అన్నదాని మీద మాత్రం కదలను. ఆ ఖాళీ 2025లో పుట్టింది కాదు. తేజస్ పథకం మొదలైంది 1983లో, మొదట ఎగిరింది 2001లో, స్క్వాడ్రన్‌లో చేరింది 2016లో. ఆ ఆలస్యాన్నంతా మోసింది మిగ్-21, అందులో కూర్చున్న పైలట్లు. మా వయసు వాళ్లు వాళ్లు.

హాలియా అన్నా, ఒక్కటి అడుగుతా. జాగ్వార్ దాడి విమానం సంగతి ఏంటి? 1979లో వచ్చింది, ప్రపంచంలో ఇంకా నడుపుతున్నది మనం ఒక్కళ్లమే. 2025లోనే మూడు కూలాయి, మార్చిలో పంచకుల దగ్గర, ఏప్రిల్‌లో జామ్‌నగర్ దగ్గర, జూలైలో చురూలో. జామ్‌నగర్‌లో ఒక పైలట్, చురూలో ఇద్దరూ పోయారు. దాన్ని ఉంచాలా, తీయాలా?

హాలియా మాజీ ఎయిర్‌మన్:
జాగ్వార్ లైన్ మీద నేను చేయలేదు, చేసినవాళ్లతో కలిసి ఉన్నాను. దానికి ఇంజిన్ బలం తక్కువ. అమెరికా ఇంజిన్ పెట్టాలని చాలా ఏళ్లు అనుకుని ఖర్చు చూసి 2019లో వదిలేశారు. అక్కడే దాని రాత తేలిపోయింది. డారిన్-3 అప్‌గ్రేడ్ అయినవి వేరు. వాటికి కొత్త రాడార్ ఉంది. మన వైపు నుంచే దూరానికి ఆయుధం వదిలే పనికి, సముద్రం మీద ఓడల పనికి కొన్నాళ్లు ఉంచుకోవచ్చు. అప్‌గ్రేడ్ కానివాటిని ఇప్పుడే దించి, విప్పి, మిగతావాటికి సామాను చేయాలి. పాతికేళ్ల పిల్లాణ్ని వాటిలో నేలకు వంద మీటర్ల ఎత్తులో ఎగరమనడం నాకు మనసొప్పదు. అంత కింద ఇంజిన్ ఆగితే ఆలోచించడానికి క్షణాలే ఉంటాయి.

ఎజెక్షన్ సీటు కింద పేలుడు మందు గుళ్లు ఉంటాయి, పైలట్‌ని పైకి విసిరేవి అవే. ప్రతి దాని మీద గడువు తేదీ రాసి ఉంటుంది. పాత విమానాలకు అవి టైముకు రావడమే పెద్ద టెన్షన్. రాత్రి షిఫ్టులో టార్చి లైటు పట్టుకుని లాగ్ బుక్‌లో రాసిన తేదీని వస్తువు మీది తేదీతో పోల్చి చూసేవాణ్ని, సంతకం పెట్టేవాణ్ని. గడువు దాటినదాన్ని ఎవరు ఎంత తొందర పెట్టినా లైన్ మీదికి పంపలేదు. జాగ్వార్ మీద నా ఓటు కూడా అలాగే, ఒక్కొక్క విమానం లాగ్ బుక్ తెరిచి చూశాకే వేస్తాను.